తోక లేని పిల్లి, అరవై అడుగుల గోడ

మా వదిన ముప్పై నాలుగేళ్లు మనుషుల ముఖాల మీద మచ్చలు చెరిపింది. చెరపడమంటే మందు రాసి కాదు, పెన్సిలుతో. ఫొటో స్టూడియోలో ఆమెది రీటచింగ్ పని. ఏటవాలుగా ఉండే గాజుపలక మీద నెగెటివు పెట్టుకుని, కింద బల్బు వెలిగించుకుని, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో మొటిమ మీద, ముడత మీద, కంటి కింది నలుపు మీద చుక్క చుక్కగా అద్దేది. అద్దినట్టు తెలియకూడదు. తెలిసిందంటే పని చెడినట్టే. ఊళ్లో అందరూ ఆమెను మచ్చలక్క అనేవారు. దారిలో ఎదురుపడితే కొందరు ఆడవాళ్లు చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకునేవారు, ఈవిడకు మన అసలు ముఖం తెలుసు కదా అని.

ఆమె మా ఆయనకు అక్క. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "చూసిన ప్రతి ముఖంలోనూ దిద్దాల్సిందే కనబడింది, నేనేం చేయను" అనేది. మా ఇంట్లోనే మేడమీది గదిలో ఉంటుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నీకు ఎడమ కనుబొమ్మ కాస్త కిందికి ఉందే పిల్లా. పరవాలేదు, అలాగే ఉంచు" అంది. మెచ్చుకుందో వంక పెట్టిందో నాకు చాలాకాలం తెలియలేదు.

తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. ఒక సోమవారం ఆమె పనికి వెళ్లేసరికి గాజుపలక బల్ల మీద పాత కర్టెను కప్పి, దాని మీద కంప్యూటరు అట్టపెట్టెలు పెట్టి ఉన్నాయట. స్టూడియో ఓనరు ఆమె కళ్లలోకి చూడలేక, "మచ్చలన్నీ ఇక మిషనే తీసేస్తుందమ్మా" అన్నాడట.

"తీసేస్తుంది సరే, ఏది ఉంచాలో దానికి ఎవరు చెబుతారు?" అని అడిగింది వదిన.

ఆ ప్రశ్నకో, మొహమాటానికో, ఆయన ఆమెను పంపేయలేదు. పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించే పనిలో కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి, భోజనానికి పిలిచినా రాకుండా, తన పన్నెండు పెన్సిళ్లూ వరసగా చెక్కుతూ కూర్చుంది. మా ఆయన పక్కన చేరి పొట్టు ఏరాడు. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. వాళ్లింట్లో మాటలకు కరువే.

కొన్నేళ్లకు ఓనరు కూతురు స్టూడియో చేతిలోకి తీసుకుంది. ఆ అమ్మాయి వదిన ఒళ్లో పెరిగిన పిల్ల. కత్తెర పక్కన పెట్టించి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది.

"అది పెన్సిలు కాదు మచ్చలత్తా, అలా మునివేళ్లతో పట్టుకోకండి. మౌసు మీద అరచెయ్యంతా వేయండి."

"అరచెయ్యి వేసి చేసేది పిండి పిసకడం. ముఖాలు దిద్దడానికి మునివేళ్లే కావాలి."

మునివేళ్లతోనే నేర్చుకుంది. ఆరు నెలలు తిరిగేసరికి రంగు కుదరలేదంటే ఆ అమ్మాయే ఈమెను పిలిచేది. నలుపు తెలుపుల్లో ముప్పై నాలుగేళ్లు వెలుతురును చూసిన కన్ను కదా, తెర మీద ఎరుపు వెంట్రుకవాసి ఎక్కువైనా పట్టేసేది.

ఇక మా ఆయన సంగతి. ఆయన పిల్లల ఆసుపత్రిలో పెయింటరు. మంచాల మీద నంబర్లు, తలుపుల మీద అక్షరాలు, తుప్పు పట్టిన సిలిండర్లకు రంగులు, అదీ ఉద్యోగం. ఒకసారి ఆయనకే కడుపులో ఆపరేషను చేయాల్సి వచ్చింది. తమ మనిషని అక్కడి డాక్టర్లే చేస్తామంటే, తను పనిచేసే చోటే స్ట్రెచర్ మీద పడుకుని వెళ్లాడు. వార్డు నుంచి ఆపరేషను గదికి పోయే నడవా అరవై అడుగులు, కిటికీ ఒక్కటీ లేదు. దారి పొడవునా పక్కన బోడిగోడ. "నలభై దాటినవాణ్ణి, నాకే గుండె జారింది. ఇక పసివాళ్ల సంగతేంటి?" అన్నాడు ఇంటికొచ్చి.

కుట్లు ఎండగానే మొదలుపెట్టాడు. మధ్యాహ్నం విరామంలో అరగంట, డ్యూటీ దిగాక ఒక గంట. డబ్బాల అడుగున మిగిలిన ఎనామెల్ రంగులతోనే వేశాడు. నాలుగేళ్లు పట్టింది. ఆ గోడంతా ఒక వీధి. తలుపులు, కిటికీలు, మెట్లు, ఆరేసిన బట్టలు, రిపేరు చేస్తున్న సైకిలు. ఆ వీధి వెంట ఒక పిల్లి. ఒక కిటికీలోంచి దూకి ఇంకో తలుపులో దూరి, గోడెక్కి, బక్కెట్లో తొంగిచూసి, ప్రతి అడుగున్నరకూ మళ్లీ కనబడుతుంది. బొమ్మ మోకాలి ఎత్తున మొదలై ఛాతీ దగ్గర ఆగిపోతుంది. నిలబడ్డ మనిషి వంగి చూడాలి. పడుకున్న మనిషికి మాత్రం సరిగ్గా కంటికి ఎదురుగా ఉంటుంది.

స్ట్రెచర్ మీది పిల్లలు చెయ్యి చాచి పిల్లిని ముట్టుకునేవారు. మూడో కిటికీ దగ్గర పిల్లి తోక వాళ్ల చేతుల కింద అరుగుతూ వచ్చింది. ఒకరోజు మా ఆయన ఇంటికొచ్చి, బహుమతి వచ్చినవాడిలా, "ఇవాళ్టితో తోక పూర్తిగా పోయిందే" అన్నాడు. మళ్లీ వేయరా అంటే, "వేసింది నేను, అరగదీసింది వాళ్లు. ఇద్దరి పనీ ఉండాలి" అన్నాడు.

ఆ గోడను నేను చూడలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లను వార్డు తలుపు దగ్గరే ఆపేస్తారు. ఒక్కసారి తీసుకెళ్లరాదా అని అడిగితే, "అక్కడికి మనుషులు పడుకుని వెళతారే, నడిచి వెళ్లరు. నువ్వు నడుస్తూనే ఉండు" అనేవాడు.

పోయిన ఏడాది చలికాలంలో ఆయన పోయాడు. పొద్దున టీ తాగి, కప్పు కింద పెట్టి, కుర్చీలోంచి మళ్లీ లేవలేదు. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

నాలుగు నెలలకు, ఒక బుధవారం, ఆసుపత్రి పెద్ద నర్సు మా ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని చెప్పింది. "కొత్త బ్లాకు తయారైపోయిందమ్మా. పాతది సోమవారం పొద్దున పడగొడుతున్నారు. గోడను కోసి తీయగలరేమోనని అడిగాను. లోపల పైపులున్నాయట, ఇటుక పాతదట, ముట్టుకుంటే రాలిపోతుందట."

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. ఆ గోడ పోతే, ఆయన చేతిపని అంటూ ఈ లోకంలో మిగిలేది మంచాల మీద నంబర్లే. మంచాలూ కొత్తవి కొంటున్నారట.

తిరిగి వచ్చేసరికి వదిన డాక్టరులా ప్రశ్నలు అడుగుతోంది. "గోడకీ ఎదుటి గోడకీ మధ్య దూరమెంత?"

"ఏడడుగులు ఉంటుందేమో."

"పైన ట్యూబులైట్లేనా? రంగు మెరుస్తుందా?"

నర్సు తన ఫోనులో తీసిన ఫొటో చూపించింది. బొమ్మ మీద ట్యూబులైటు తెల్లటి కర్రలా అడ్డంగా పడి ఉంది. వంకరపోయిన ఒక తలుపు, దాని మీద ఫోను పట్టుకున్న నర్సు నీడ.

"ఇందులో మీరు బాగా పడ్డారు సిస్టర్. గోడే పడలేదు" అంది వదిన. తర్వాత నా వైపు తిరిగి, "వాడి రంగు డబ్బాలు ఏం చేశావు?" అని అడిగింది.

మెట్ల కింద అలాగే ఉన్నాయి. నేను పారేయలేదు. వాటి మూతలు ఒక్కొక్కటే తీసి, గట్టిపడ్డ పొర కింద మిగిలిన రంగుతో ఒక అట్టముక్క మీద పట్టీలు పట్టీలుగా పూసింది. పద్నాలుగు రంగులు. ఆ అట్టను బొమ్మ పక్కన పెట్టి ఫొటో తీస్తే, తర్వాత తెర మీద రంగు ఎటు తప్పినా ఆ అట్టను చూసి సరిచేసుకోవచ్చట. ఏ డబ్బా ఏ ఏడాది తెచ్చాడో నేను చెబుతూ ఉంటే పట్టీల పక్కన రాసుకుంది.

ఆదివారం అత్యవసరమైతే తప్ప ఆపరేషన్లు ఉండవు. పొద్దున్నే వెళ్లాం, వదిన, నేను, కెమెరా దీపాలతో స్టూడియో అమ్మాయి. నడవా తలుపు దగ్గర నేను ఆగిపోయాను. వదిన చూసింది. నల్ల దుప్పటి నా చేతిలో పెట్టి, "పట్టుకో, ఇది మొయ్యాలి" అంది.

అంత ఇరుకులో అరవై అడుగుల బొమ్మ ఒక ఫొటోలో పట్టదు. ముక్కలు ముక్కలుగా తీసి అతకాలి. అతకాలంటే కెమెరా ప్రతిసారీ అదే ఎత్తున, గోడకు అంతే దూరంలో ఉండాలి. మూడుకాళ్ల స్టాండు ఎత్తి జరిపినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతోంది. నాలుగు ఫొటోలు తీసి నాలుగూ చెరిపేశారు. స్టూడియో అమ్మాయి నేల మీద చతికిలబడి, "ఇలా అయితే సాయంత్రానికి రెండు తలుపులు అవుతాయి అత్తా" అంది.

వదిన నడవా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచి వచ్చింది. "స్ట్రెచర్ తెప్పించండి సిస్టర్" అంది.

"ఎవరికి బాగాలేదు?"

"కెమెరాకు. పిల్లలు ఎలా చూశారో అదీ అలాగే చూడాలి. పడుకోబెట్టి తీసుకెళదాం."

స్ట్రెచర్ మీద పొట్టి స్టాండు పెట్టి, కెమెరాను బెల్టులతో కట్టేశారు. చక్రాలు దారి తప్పకుండా నేల మీద గోడ వెంట దారం లాగి కట్టారు. మూరెడు జరపడం, ఆపడం, ఒక ఫొటో, మళ్లీ మూరెడు. దీపాలు రెండూ చెరో పక్క నుంచి ఏటవాలుగా. నేను కెమెరా వెనక నల్ల దుప్పటి ఎత్తి పట్టుకుని అడుగడుగూ జరగాలి, ఎదుటి గోడ తెలుపు బొమ్మ రంగుల మీద మెరవకుండా. ఇరవై ఎనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి వేసిన వీధిని నేను మొదటిసారి అలా చూశాను, దుప్పటి అంచు మీదుగా, మూరెడు చొప్పున.

సగంలో ఉండగా నిజమైన స్ట్రెచర్ ఒకటి వచ్చింది. కాలు విరిగిన పిల్లాడు, వెంట వాళ్లమ్మ. మేం గోడకు అతుక్కుని దారి ఇచ్చాం. పిల్లాడు ఏడుపు ఆపి మా స్ట్రెచర్ వైపు చూశాడు. "దానికేమైంది?"

"కళ్లు నొప్పట" అంది వదిన.

"నాది కాలు" అన్నాడు వాడు, కాస్త గొప్పగా.

మధ్యాహ్నానికి నలభై ఒక్క ఫొటోలు అయ్యాయి. స్టూడియో అమ్మాయి వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, కెమెరా ఖాళీ చేసుకుని, పక్క ఊళ్లో పెళ్లి ఫొటోలకు వెళ్లిపోయింది. వదిన స్టూడియోలో తెర ముందు కూర్చుంది.

సాయంత్రం అయిదింటికి నేను ఫ్లాస్కులో టీ పట్టుకెళ్లాను. వదిన ముఖం వెలిగిపోతోంది. "రా, చూడు" అని కుర్చీ జరిపింది. తెర మీద మూడో కిటికీ. గోడ మీది పగుళ్లు లేవు. చక్రాలు గీసుకుపోయిన చారలు లేవు. కొత్తగా పూసినట్టుంది. నేను చాలాసేపు చూశాను.

"వదినా, ఈ పిల్లికి తోక లేదు కదా" అన్నాను.

"అరిగిపోయింది. పక్క పిల్లిని చూసి నేనే వేశాను. అతుకు కనబడుతుందా చెప్పు?"

కనబడటం లేదు. ఆమె పని ఎప్పుడు కనబడింది గనుక. నేను ఆయన అన్నమాట చెప్పాను. వేసింది నేను, అరగదీసింది వాళ్లు, ఇద్దరి పనీ ఉండాలని. ఆ మాట ఆమెకు తెలియదు. మాటల కరువు అన్నాను కదా.

వదిన మౌసు మీద నుంచి చెయ్యి తీసేసింది. "ఏడు ఫొటోలు శుభ్రం చేశాను" అంది నెమ్మదిగా. "పాతవి ఉంటాయిలే, వెనక్కి తెద్దాం."

స్టూడియో అమ్మాయికి ఫోను చేసింది. అవతల పెళ్లి బాజాలు. ఆ అమ్మాయి అరుస్తూ అడిగింది, "కాపీ మీదే కదా చేశారు?"

"కాపీ ఏంటే?"

"సేవ్ చేసేశారా? వాటి మీదే? అయ్యో అత్తా, కాపీ తీసుకుని దాని మీద చేయాలి. అసలు దాని మీద ఎవరైనా చేస్తారా? కెమెరాలో కూడా చెరిపేశాను నేను."

"ముప్పై నాలుగేళ్లు నేను అసలు దాని మీదే చేశాను" అంది వదిన. "అది కాక ఇంకోటి నా చేతిలో ఎప్పుడుందే?"

ఫోను పెట్టేసింది. నెగెటివు ఒక్కటే ఉంటుంది, దిద్దితే దాన్నే దిద్దాలి. ఆమె వేళ్లకు తెలిసిన చదువు అది. "నా తమ్ముడి గోడకు నేనే సున్నం కొట్టాను" అని, ఆ తోకను చూస్తూ కూర్చుండిపోయింది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను ఆ ఇంట్లో ఎప్పుడూ ముందు మాట్లాడినదాన్ని కాదు. ఆ రోజు మాట్లాడాను. "గోడ ఇంకా ఉంది కదా వదినా. పొద్దున్నే పోదాం. టీ తాగు."

మర్నాడు ఆరింటికల్లా నడవా ముందు ఉన్నాం. స్టూడియో అమ్మాయి పెళ్లి నుంచి నేరుగా వచ్చేసింది, కళ్లకు కాటుక చెదిరి ఉంది. నడవా చీకటి. స్విచ్చు వేస్తే వెలగలేదు. తలుపు దగ్గర పడగొట్టే మేస్త్రీ, అయిదుగురు మనుషులు సుత్తులు పక్కన పెట్టుకుని టీ తాగుతున్నారు.

"కరెంటు నిన్న సాయంత్రమే తీసేశారమ్మా. లోపలికి రాకూడదు" అన్నాడు మేస్త్రీ.

"ఏడు ఫొటోలు. ఏడే" అంది వదిన.

"ఎనిమిదింటికి మొదలుపెట్టాలని నాకు రాసిచ్చారు."

"ఎనిమిదింటికే మొదలుపెట్టండి. అటు చివర నుంచి."

"ఏ చివర?"

"పిల్లులు లేని చివర."

మేస్త్రీకి అర్థం కాలేదు. టార్చి వేసి లోపలికి వచ్చి, నడుం వంచి గోడ చూశాడు. ఒక పిల్లి, రెండో పిల్లి, మూడో పిల్లి. అలా వంగే చివరిదాకా నడిచాడు. తిరిగి వచ్చి, "ముప్పై ఆరు" అన్నాడు. ఆయన మనిషి ఒకడు టార్చి లాక్కుని వెళ్లి ముప్పై ఎనిమిది అన్నాడు. మిగతావాళ్లూ సుత్తులు వదిలేసి లేచారు. ఆ గొడవలో మేస్త్రీయే చెప్పాడు, "గోడ కోసే మిషను కోసం జనరేటరు తెచ్చాను. మీ దీపాలకు సరిపోతుంది. ఎనిమిది దాటితే మాత్రం నన్నేమీ అనొద్దు."

స్ట్రెచర్లన్నీ నిన్న సాయంత్రానికే కొత్త బ్లాకుకు పోయాయి. ఇటుకలు తోసే నాలుగు చక్రాల బండి ఇచ్చారు. అది పొట్టిది. నిన్న కెమెరా కన్ను ఏ ఎత్తున ఉందో వదిన రాసుకోలేదు. నేను దుప్పటి పట్టుకుని పక్కనే నిలబడ్డాను కదా, అది సరిగ్గా నా మోచేతి ఎముక దగ్గరుందని నాకు గుర్తు. నేను నిలబడితే, నా మోచెయ్యికి సరిపోయేదాకా స్టాండు కింద ఇటుకలు పేర్చారు. అయిదు ఇటుకలు, ఒక అట్టముక్క. నిన్నటి ఫొటోలో పక్క కిటికీతో పోల్చి చూసి, స్టూడియో అమ్మాయి తల ఊపింది.

ఏడు ఫొటోలు తీశాం. ప్రతి ఫొటో తీయగానే వదిన వంగి, చిన్న తెర మీద చూసి, పగులు ఉందా, చార ఉందా అని వెతికింది. జీవితమంతా ఏవి పోవాలని చూసిందో, అవి ఉన్నందుకు సంతోషించింది. తోక లేని పిల్లి దగ్గర మూడుసార్లు తీయించింది.

ఎనిమిదికి అయిదు నిమిషాలు ఉందనగా బయటపడ్డాం. నేను ఆగాను. వదిన నా మణికట్టు పట్టుకుంది. "రా. పోయేది గోడ. బొమ్మ మనతో వస్తోంది." గేటు దాటేటప్పుడు మొదటి దెబ్బ వినబడింది. ఆమె పట్టు బిగిసింది గానీ ఇద్దరం వెనక్కి చూడలేదు.

అతకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈసారి ముందు కాపీలు తీసుకుంది. ఒకటి కాదు, మూడు చోట్ల దాచింది. వాటిలో ఒకటి, పెన్‌డ్రైవులోది, బిస్కెట్ల డబ్బాలో పెట్టి నా బీరువాలో పెట్టించింది. పక్కన రంగు అట్ట పెట్టుకుని, నీలం నీలమయ్యేదాకా, ఎరుపు ఎరుపయ్యేదాకా కూర్చుంది. మచ్చ ఒక్కటీ ముట్టుకోలేదు. చేతులు దురద పెడుతున్నాయని మాత్రం రెండుసార్లు అంది.

పదో రోజు నన్నూ పెద్ద నర్సునూ స్టూడియోకు పిలిచారు. స్టూడియో అమ్మాయి బొమ్మను తెర మీద చిన్నది చేస్తూ పోయింది. నలభై ఒక్క ముక్కలూ ఒక్క పట్టీ అయ్యాయి. వీధి మొత్తం ఒకేసారి కనబడింది.

అప్పుడు తెలిసింది, ఆ బొమ్మను మొత్తంగా ఎవరూ ఎప్పుడూ చూడలేదని. ఆ ఇరుకులో చూసే వీలే లేదు. పడుకున్న పిల్లలు చూడలేదు, నర్సులు చూడలేదు, వేసిన మనిషే చూడలేదు. మొదట చూసింది మేం నలుగురం. ముక్కలుగా చూసినప్పుడు తెలియనిది ఒకటి అక్కడుంది. వీధి వార్డు వైపు చివర లేత గులాబి వెలుగులో ఉంది, తెల్లవారినట్టు. నడుమ మిట్టమధ్యాహ్నం. ఆపరేషను గది వైపు చివర మళ్లీ అదే లేత గులాబి, అదే తెల్లవారుజాము. సాయంత్రం ఎక్కడా లేదు. పిల్లలు లోపలికి పోయేటప్పుడూ తెల్లవారుతుంది, బయటికి వచ్చేటప్పుడూ తెల్లవారుతుంది.

"ఇదంతా ముందే అనుకున్నారా ఆయన?" అంది స్టూడియో అమ్మాయి.

"నాలుగేళ్లు అనుకున్నాడు. నాకొక్క ముక్క చెప్పలేదు దొంగ" అంది వదిన. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఆయన పోయాక మొదటిసారి గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు మాత్రం అనిపించింది.

పిల్లులు ముప్పై తొమ్మిది. మేస్త్రీకి ఫోను చేసి చెబితే, "తప్పు. ఇంకోటి ఉంటుంది, మళ్లీ చూడండి" అన్నాడు. వెతికితే ఉంది. ఆరేసిన దుప్పటి వెనక, నీడగా.

పెద్ద నర్సు ఆ బొమ్మను తన ఫోనులోంచి పదిమందికి పంపింది. పది వందైంది, వంద ఎంతైందో నాకు తెలియదు. వారం తిరిగేసరికి ఎక్కడెక్కడి నుంచో జవాబులు. ఒక బస్సు డ్రైవరు రాశాడు, ఆకుపచ్చ తలుపు దగ్గరి పిల్లిని చిన్నప్పుడు ఆపరేషను రోజున గట్టిగా పట్టుకున్నానని, అది కలేమో అనుకుంటూ ఇన్నేళ్లూ ఉన్నానని. ఒకావిడ తన కూతురికి ఫోను చూపించి, అమ్మ ఈ వీధిలోంచే వెళ్లి వచ్చిందని చెప్పిందట. జబ్బు చేసి పడుకుంటే తప్ప కనబడని బొమ్మను ఇప్పుడు నిక్షేపంగా ఉన్నవాళ్లు వాళ్ల వంటింట్లో నిలబడి చూస్తున్నారు.

పక్క వీధి డ్రాయింగు మాస్టారికి మాత్రం నచ్చలేదు. ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. "నకలు నకలేనమ్మా. అసలుది పోయాక ఇది ఎంతమంది చూస్తే ఏం లాభం?"

"అసలుది చూడాలంటే కడుపు కోయించుకోవాలి మాస్టారూ. మీకు అభ్యంతరం లేకపోతే చెప్పండి, సిస్టర్‌తో మాట్లాడతాను" అంది వదిన. ఆయన టీ తాగకుండా వెళ్లిపోయాడు. మర్నాడు ఫోను పట్టుకుని వచ్చి, తనకూ ఒకటి పంపమన్నాడు.

కొత్త బ్లాకు నడవాకు ఆ బొమ్మను అసలు కొలతకు అచ్చు వేయించారు, ఎనిమిది అడుగుల ముక్కలుగా, గోడకు అంటించే రకం. ఇంకో మూడు ఊళ్ల ఆసుపత్రులు తమకూ కావాలని అడిగాయి. అనుమతి కాగితం మీద సంతకం నాదట. బొమ్మ వేసినవారు అన్న చోట ఆయన పేరు నేనే రాశాను, అక్షరం అక్షరం కూడబలుక్కుని. గోడ మీద ఆయన ఎక్కడా పేరు రాసుకోలేదు.

అంటించే రోజు వదిన ఎవరినీ నమ్మలేదు. తనే రోలరు పట్టుకుంది. అతుకు దగ్గర గాలిబుడగ రాకుండా, ముఖం మీద మచ్చకు పెన్సిలు అద్దినంత మెల్లగా నొక్కుతూ పోయింది. సగం గోడ అయ్యేసరికి వార్డు తలుపు తెరుచుకుని స్ట్రెచర్ వచ్చింది. ఏడెనిమిదేళ్ల పిల్ల, చెయ్యి విరిగింది. ఎముక సరిచేయడానికి తీసుకెళుతున్నారు. గులాబి వెలుగులోంచి బయల్దేరి, తలుపులు చూసుకుంటూ, పిల్లిని చూసుకుంటూ వచ్చింది. నడుమకు వచ్చేసరికి తెల్లటి గోడ.

"మిగతాది ఏది?" అంది.

తోసే మనిషి ఆగాడు. వదిన ఆ పిల్ల ముఖంలోకి వంగి చూసింది. "నువ్వు వెళ్లి రా. వచ్చేసరికి ఉంటుంది."

"ఎంతసేపు పడుతుంది?"

"నీకెంతసేపో నాకంతసేపు."

ఆ పిల్లను లోపలికి తీసుకెళ్లారు. వదిన నా వైపు తిరిగి, "చూస్తావేంటే, పట్టుకో" అంది. ఇంకా నాలుగు ముక్కలు ఉన్నాయి. నేను పై అంచు పట్టుకున్నాను, స్టూడియో అమ్మాయి వెనక కాగితం లాగింది, వదిన రోలరుతో దిగింది. టీ వస్తే వద్దన్నాం. నర్సులు వస్తూ పోతూ గోడకు అటుపక్కగా ఒదిగి నడిచారు. అరవై మూడేళ్ల మనిషి మోకాళ్ల మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, ఆఖరి అతుకు నొక్కుతుండగా ఆపరేషను గది తలుపు మీద దీపం ఆరింది.

పిల్ల బయటికి వచ్చింది. చేతికి కట్టు, కళ్లు సగం మూతలు పడుతున్నాయి. మా ముగ్గురి చేతులకూ జిగురు. గోడకు వీపు ఆనించి దారి ఇచ్చాం. స్ట్రెచర్ గులాబి వెలుగులోంచి కదిలింది. పిల్ల తల పక్కకు తిప్పింది. నడుమకు వచ్చేదాకా పిల్లిని చూసుకుంటూ వచ్చింది. అక్కడ బాగున్న చెయ్యి పైకెత్తి, తోసే మనిషిని ఆపింది.

"వెనక్కి తొయ్యండి. మొదటి నుంచి" అంది.

"నేనేమన్నా ఆటబండి నడుపుతున్నానా?" అని ఆయన గొణిగాడు. గొణుగుతూనే చక్రాలు వెనక్కి తిప్పాడు. వదిన నేల మీది రోలరును కాలితో పక్కకు నెట్టి, వాళ్లకు దారి చేసింది.